తెల్లచీరతో వెసాక్ పండక్కి

ఆ వేసవి సెలవుల్లో మా పర్చూరు చుట్టుపక్కల టీచర్లం కొందరం కలిసి శ్రీలంక వెళ్లాం. నేను సైన్సు చెబుతాను. బస్సులో నా పక్కసీటు మా స్కూలు తెలుగు మేడమ్‌ది. ఆవిడది ఒంగోలులో అర్చకుల కుటుంబం. నేను పుట్టి పెరిగింది చర్చి కాంపౌండులో. ఇద్దరికీ దేశం దాటడం అదే మొదలు.

వెళ్లిన మర్నాడు ఆదివారం. చర్చికి వెళ్లే వీలు లేకపోయినా అలవాటు కొద్దీ తెల్లచీర కట్టుకున్నాను.

"ఊరు చూడ్డానికొచ్చి తెల్లచీరేంటండీ! ఆ పచ్చచీర కట్టుకోకూడదూ?" అంది తెలుగు మేడమ్.

బయటికొచ్చి చూస్తే వీధంతా తెలుపే! పిల్లలు, ముసలివాళ్లు, అందరూ తెల్లబట్టల్లో పూలు పట్టుకుని నడుస్తున్నారు. ఇంటింటి ముందూ వెదురుబద్దల మీద కట్టిన రంగుకాగితం లాంతర్లు. ఆ రోజు వైశాఖ పౌర్ణమి అనీ, దాన్ని వెసాక్ అంటారనీ, బుద్ధుడి పండగల్లో అదే పెద్దదనీ డ్రైవరు ఇంగ్లీషులో చెప్పాడు. తెలుగు మేడమ్ నా వంక చూసి, "మొత్తానికి మీరే కరెక్టుగా తయారయ్యారండీ" అని నవ్వింది.

దారిలో ఒక చిన్న గుడి దగ్గర ఆగాం. మావాళ్లు గేటు దగ్గర ఫొటోల్లో పడ్డారు. నేను చెప్పులు విప్పి లోపలికి తొంగిచూశానో లేదో, జనం నన్ను తమలో కలిపేసుకున్నారు. తెల్లచీర చూసి ఆ ఊరిదాన్నే అనుకున్నారు కాబోలు! పొడవాటి వరుసలో పూలపళ్లాలు చేతి నుంచి చేతికి ముందుకు వెళ్తున్నాయి. అందరూ తాకితే అందరూ సమర్పించినట్టేనని తర్వాత డ్రైవరు చెప్పాడు. పళ్లెం నా ముందుకొచ్చేసరికి చేతులు వెనక్కి లాక్కున్నాను. మా ఇంట్లో విగ్రహానికి పూలు పెట్టం. పక్కనున్న ముసలావిడ నన్ను చూసి ఏదో అంది. అందులో 'అమ్మా' అన్న ఒక్క మాటే అర్థమైంది. నా చేయి పట్టుకుని మెల్లగా పళ్లెం అంచు మీద పెట్టింది. నేను దణ్ణం పెట్టలేదు. చేయీ తియ్యలేదు. తామరపూల తడి వేళ్లకు తగిలింది. ఆవిడ అలిసిపోకుండా నవ్వుతూనే ఉంది. పళ్లెం ముందుకెళ్లిపోయాక ఆవిడ చేతిని నేనే గట్టిగా పట్టుకున్నాను.

మధ్యాహ్నం రోడ్డు మీద కుర్రాళ్లు జెండాలు ఊపుతూ బస్సుకి అడ్డం పడ్డారు. నాకు భయం వేసింది.

"గొడవ కాదమ్మా, భోజనం! ఈ రోజు దారిన పోయే ప్రతివాళ్లకీ పెడతారు. తినకపోతే నొచ్చుకుంటారు" అన్నాడు డ్రైవరు.

పందిట్లో ఉడికించిన కర్రపెండలం, దాని మీదికి ఉల్లిపాయ, ఎండుమిర్చి కలిపి నూరిన కారం.

"ఇందులో ఎండుచేప వేస్తారట, అడగండి బాబూ" అంది తెలుగు మేడమ్ డ్రైవరుతో. పండగ రోజు వెయ్యరని అతను కనుక్కుని చెప్పాకే ఆకు అందుకుంది. వడ్డించే పెద్దాయన చెంచా చివర కాస్త కారం తీసి, "మిరిస్, మిరిస్!" అంటూ జాగ్రత్త చెప్పబోయాడు.

"మిరిస్ అంటే మన మిరపేగా! దండిగా వెయ్యమనండి. మాది మిరపకాయల సీమ!" అంది మేడమ్.

ఆయన నిజంగానే దండిగా వేశాడు. రెండు ముద్దలు తినేసరికి ఆవిడకి ఎక్కిళ్లు, కళ్లలో నీళ్లు. పందిరంతా ఒకటే నవ్వులు. ఎక్కిళ్ల మధ్యనే ఆకు చాచి, "ఇంకాస్త!" అంది.

తిన్న తర్వాత మాకు ఊరుకోబుద్ధి కాలేదు. గరిటె తీసుకుని నేను వడ్డించాను. తెలుగు మేడమ్ రోడ్డెక్కి, వచ్చే వాహనాలను చెయ్యెత్తి ఆపుతూ, "రండి బాబూ, దిగండి, తినిపోండి!" అని తెలుగులోనే కేకలు. ఒక్కరికీ అర్థం కాలేదు, కానీ అందరూ దిగారు.

సాయంత్రం లాంతర్లు వెలిగే వేళకు మావారికి ఫోన్ చేశాను. గుడీ, పూలూ, పెండలం, ఎక్కిళ్లూ అన్నీ కలగాపులగంగా చెప్పేస్తున్నాను.

"కాస్త నెమ్మదిగా చెప్పవే, ఎవరికి ఎక్కిళ్లు?" అన్నారాయన.

నవ్వాపుకోలేక ఫోన్ తెలుగు మేడమ్‌కి ఇచ్చేశాను.