గరిటె పట్టుకున్నోడు

పామిడి హైస్కూల్లో లెక్కలు చెప్పే మద్దిలేటి ఢిల్లీ సర్వీసు కమిషన్ పెట్టే కలెక్టరు ఉద్యోగాల రాతపరీక్ష గట్టెక్కాడన్న కబురు 1961లో తాలూకా అంతా పాకింది. మిగిలింది ఇంటర్వ్యూ. విడపనకల్లు పక్క పల్లెలో కూలి చేసుకునే ఇంట పుట్టినవాడికి ఆ ఒక్క అరగంట మీదే బతుకంతా ఆధారపడి ఉంది.

ప్రతి ఆదివారం బస్సెక్కి అనంతపురం పోయి, రిటైరైన తాసిల్దారు ఈశ్వరప్ప ముందు కూర్చునేవాడు. ఈశ్వరప్ప మంచివాడే కానీ, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. కుర్చీలో ఎలా కూర్చోవాలి, చేతులెక్కడ పెట్టాలి, తెలియనిదాన్ని తెలియదని ఎంత ధైర్యంగా చెప్పాలి, అన్నీ నేర్పాడు. ప్రశ్నలు ఇంగ్లీషులో, తిట్లు తెలుగులో.

మూడో వారం కొత్త ప్రశ్న వేశాడు. కరువొచ్చింది, గంజి కేంద్రం నీ చేతిలో ఉంది. తాగే మనిషే రావాలి, అక్కడే తాగాలి, ఇంటికి ఇవ్వకూడదని రూలు. ఒక ముసలమ్మ ఇంటికి పట్టుకుపోతానంటే ఏం చేస్తావు?



"ఏమప్పా, బెల్లం కొట్టిన రాయి మాదిరి కూచున్నావు? రూలు అందరికీ ఒకటే అని చెప్పాల. ఒకరికి సడలిస్తే వంద మంది వస్తారు" అన్నాడు ఈశ్వరప్ప.

ఆ జవాబు మద్దిలేటికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 1952 కరువులో అతనికి పదిహేనేళ్ళు. నాలుగక్షరాలు వచ్చినవాడని ఊరి గంజి కేంద్రంలో గరిటె అతని చేతికిచ్చారు. గరిటెతో పాటు కాస్త పొగరు కూడా వచ్చింది, దాచడమెందుకు. ఒకరోజు సుంకమ్మ ముంత పట్టుకొచ్చింది. కోడలు రామక్కకు కాన్పై రెండు రోజులైందని, ఒక్క గరిటె పోయమని అడిగింది. పురుడు కడిగేదాకా బాలింత గడప దాటకూడదని ఆ ఇళ్ళల్లో కట్టడి. అది మద్దిలేటికీ తెలుసు. అయినా "మనిషి రావాల" అన్నాడు.

మర్నాడు రామక్క కంబళి కప్పుకొని వచ్చింది. వరుస చివర మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడింది. తర్వాత కూలబడింది. గరిటె ఆమె దాకా వచ్చేసరికి తాగే మనిషి లేదు.

అప్పటినుంచి నలుగురు వరుసగా నిలబడ్డ చోటల్లా, చివర కంబళి కప్పుకున్న ఆడమనిషి అతనికి కనిపిస్తుంది. స్కూలు ప్రార్థనలో, బస్టాండులో టికెట్ల దగ్గర. దగ్గరికి పోతే ఎవరూ ఉండరు. భయమైతే తాయెత్తు కట్టించుకునేవాడు. సిగ్గుకు ఎవరు కడతారు తాయెత్తు?

ఢిల్లీ ప్రయాణానికి వారం ముందు ఊరికి పోయి సుంకమ్మ గుడిసె ముందు నిలబడ్డాడు. ఆమె విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది.

"గరిటె పట్టుకున్నోడివి గదా. కూచో" అంది.

"అవ్వా, ఢిల్లీలో ఆ సంగతే అడుగుతారేమో. ఏం చెప్పాల్నో తెలీకుండా ఉండాది."

ఆమె చేతులు ఆగలేదు. "నా కోడలి సావు నీ పరీచ్చకు పనికొచ్చిందా అప్పా?"

మద్దిలేటి తల వంచుకున్నాడు. ఆమె ఇంకో కాయ ఒలిచి అంది. "దాని పేరు ఆడ ఎత్తొద్దు. నీకు తోచింది నువ్వు చెప్పు. ఏం చెప్పినావో వచ్చి నాతో చెప్పు, అంతే."

"వస్తానవ్వా" అన్నాడు.

గుంతకల్లులో రైలెక్కిందగ్గర్నుంచి జవాబు కూడబలుక్కున్నాడు. ఇంటికి ఇస్తాను, రాలేనివాళ్ళకు నేనే మోసుకుపోయి పోస్తాను. ఢిల్లీలో దిగేసరికి అది నోటికి పూర్తిగా వచ్చేసింది, మనసు కూడా కొంచెం తేలికపడింది.

బోర్డులో ఐదుగురు. అనంతపురం అనగానే కళ్ళద్దాల పెద్దాయన కరువు సంగతి ఎత్తి, ఆ ప్రశ్నే వేశాడు.

"ఇంటికి ఇస్తాను సార్" అన్నాడు మద్దిలేటి.

"రేపు వంద మంది ముంతలు పట్టుకొస్తే?" పెద్దాయన నవ్వుతూనే అడిగాడు.

ఐదుగురి వరుస చివర, ఖాళీ కుర్చీలో ఆమె కూర్చుని ఉంది. కంబళిలోంచి అతని వంకే చూస్తోంది. ఉద్యోగం చేజారుతుందన్న భయం ఒకవైపు, ఆ చూపు ఒకవైపు. నోరు తనంత తానే కదిలింది.

"అయితే ఇవ్వను సార్. రూలు అందరికీ ఒకటే. మనిషి రావాలి."

పెద్దాయన సంతోషంగా తలూపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మద్దిలేటి మళ్ళీ చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

ఉద్యోగం వచ్చింది. ఆ ప్రశ్న తానే ముందు చెప్పానని ఈశ్వరప్ప ఊరంతా చాటుకున్నాడు. పామిడిలో దండలేసి ఊరేగించారు. ఆ తర్వాత సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడల్లా మద్దిలేటి సుంకమ్మ వీధి తప్పించి, చేల గట్ల మీద చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాడు.

సుంకమ్మ 1968 దాకా బతికింది. అతని మాట ఎవరు ఎత్తినా ఒకటే అనేది. "వచ్చి చెప్తానన్నాడు. ఇంకా రాలేదు."