పక్క గ్యారేజీ కోసం ఆడిన అబద్ధం

మార్సియాల్ లెబ్రే అబద్ధమాడితే పక్క గ్యారేజీ వాళ్ళు కూడా కాసేపు నమ్మేవాళ్ళు. ఫ్రాన్సులోని ల మాన్‌లో, రేసు కార్లు కట్టేవాళ్ళ మధ్య, అది చిన్న మెప్పేమీ కాదు. సీజను మొదలయ్యే ముందు జరిగే పరీక్షల్లో అందరూ అబద్ధాలాడేవాళ్ళే. కారు నెమ్మదిగా కనబడాలని టాంకు నిండా పెట్రోలు పోస్తారు, సీటు కింద సీసపు దిమ్మెలు పెడతారు, తిన్నని దారిలో డ్రైవరు కాలు కాస్త ఎత్తి పట్టుకుంటాడు. అసలు వేగం బయటపడిందా, నిబంధనలు చూసే పెద్దలు ఆ కారుకు అదనపు బరువు కట్టిస్తారు. జూన్‌లో ఇరవైనాలుగు గంటల పందెమంతా ఆ బరువు మోస్తూ పరుగెత్తాలి. అందుకని దాచడం అక్కడ తప్పు కాదు, నట్టు బిగించడం లాంటి పని.

మార్సియాల్ ఇంట్లోనూ అంతే. సూపు ఎలా ఉందని భార్య సొలాంజ్ అడిగితే "ఫర్వాలేదు" అనేవాడు. రెండోసారి గిన్నె ముందుకు తోస్తే, బాగుందన్నమాట అని ఆవిడ అర్థం చేసుకునేది.

మీసాలు రాని వయసులో అతను ఒడిల్ వాళ్ళ నాన్న షెడ్డులో చేరాడు. పెద్దాయన పోయాక ఒడిల్ షెడ్డు పగ్గాలు పట్టింది. చిన్నప్పుడు టైర్ల గుట్టల మీద ఎక్కి ఆడిన పిల్ల కాబట్టి, యజమానురాలైనా అతనికి "అమ్మాయ్" అనే పిలవడం అలవాటు. ఒకళ్ళ దగ్గర ఇంజను, ఇంకొకళ్ళ దగ్గర గేరుబాక్సు తెచ్చి, ఉన్నంతలో పరువుగా నెట్టుకొచ్చేవాళ్ళు.

అప్పుడు పెద్ద కార్ల కంపెనీ వచ్చింది. మీ షెడ్డు, మా పేరు, మా ఇంజను, అయిదేళ్ళపాటు మీ వెనకే ఉంటాం అంది. ఒడిల్ తన పాత కార్లు అమ్మేసింది. ఏళ్ళ తరబడి పనులిచ్చిన వాళ్ళకు ఇక కుదరదని చెప్పేసింది. షెడ్డులో అందరి బతుకూ ఆ ఒక్క మాట మీద నిలబడింది. ఆ చలికాలంలోనే, మాటిచ్చిన పెద్దమనిషిని కంపెనీ ఇంటికి పంపింది. సూటు వేసుకున్నవాళ్ళకు మాటివ్వడం ఎంత తేలికో, ఆ మాటతో సహా మాయమైపోవడమూ అంతే తేలిక. కొత్తగా వచ్చిన డైరెక్టరు దెలమార్, పరీక్షలో కారు కళ్ళారా చూశాకే కొనసాగేదీ లేనిదీ చెబుతానన్నాడు.

పరీక్ష దక్షిణాన, ల కాస్తెలే రేసు మైదానంలో. ఉత్తరపు గాలి చెవులు కోసేస్తోంది. ఒడిల్ ట్రాకు పక్క గోడ దగ్గర డ్రైవరుతో మాట్లాడుతుంటే దెలమార్ ఒక్కడే గ్యారేజీలోకి వచ్చాడు.

"మీరిక్కడ ఎప్పట్నుంచీ ఉన్నారు?" అని మార్సియాల్‌ని అడిగాడు.

"మేడమ్ వాళ్ళ నాన్నగారు ఉన్నప్పట్నుంచీ అండీ."

"అయితే మీరే చెప్పండి. ఇంజనీర్లను అడిగితే గీతలు గీసి చూపిస్తున్నారు. మన కారేమో అందరికంటే వెనక ఉంది. అది పోయేది ఇంతేనా?"

పక్క గ్యారేజీకీ వీళ్ళకీ మధ్య ఒక్క గుడ్డ తెరే అడ్డం. దాని అవతల పోటీ జట్టు మెకానిక్ ఫాబ్రిస్ కాఫీ తాగుతున్నాడు. ఇంత గట్టిగా ఆ మాట అడిగేసరికి, తెరకు అవతలి చెవుల కోసమే అడుగుతున్నాడు, ఈయన కూడా ఆరితేరినవాడే అనుకున్నాడు మార్సియాల్. చేతులు తుడుచుకుని పెద్ద నిట్టూర్పు విడిచాడు.

"ఇంతేనండీ. అందరం చెమటోడ్చాం. దానికి ఊపిరి చాలట్లేదు."

"నిజంగా?"

"నా చేతుల్తో కట్టిన బండి అండీ. దాని గురించి చెడ్డగా చెప్పుకోవాలని నాకు మాత్రం ఉంటుందా?"

దెలమార్ అతని భుజం తట్టాడు. "థాంక్సండీ. ఇన్నాళ్ళకు ఒక్కరు నిజం చెప్పారు."

ఆయన వెళ్ళగానే తెర కదిలింది. "ఏడుపు భలే ఏడ్చావురా ముసలోడా! రుమాలు కావాలా?" అన్నాడు ఫాబ్రిస్.

"నోర్మూసుకుని కాఫీ తాగరా."

మధ్యాహ్నం భోజనాల దగ్గర మార్సియాల్ ఇదంతా నవ్వుతూ చెప్పాడు. ఒడిల్ చేతిలోని రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది.

"ఆయనకు మన సంగతులేం తెలీవు మార్సియాల్. ఇవాళ డిన్నర్లో కూర్చోబెట్టి అన్నీ చెబుదామనుకున్నా. పారిస్‌లో మీటింగుందని ఇందాకే విమానాశ్రయానికి బయల్దేరాడు."

అక్కడికక్కడే ఫోను చేసింది. మార్సియాల్ పక్కనే నిలబడి రెండు వైపులా విన్నాడు.

"ఇక్కడ అందరూ దాస్తారండీ. అది మా అలవాటు. కారు చాలా వేగంగా పోతుంది."

"అంటే మీ మనిషి నా మొహం మీదే అబద్ధమాడాడంటారా?"

"మీతో కాదండీ, పక్క గ్యారేజీతో!"

"మేడమ్, ఆయన మాట నేను అడిగితే వచ్చింది. మీ మాట భయంతో వస్తోంది. నేను మొదటిదే నమ్ముతాను."

ఒప్పందం తెంచుకోవడానికి ఆ మనిషి సాకు వెతుక్కుంటూనే వచ్చాడేమోనని నాకైతే అనుమానం. కానీ ఆ సాకు మార్సియాల్ నోట్లోంచే వెళ్ళింది. ఒడిల్ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదని అతను కుమిలిపోయాడు.

మర్నాడు కంపెనీ తప్పుకుంటున్నట్టు కబురొచ్చింది, కారు మీద దుప్పటి కప్పేశారు. ఒక్క చుట్టు, పూర్తి వేగంతో ఒకే ఒక్క చుట్టు తిరగనివ్వమని మార్సియాల్ కంపెనీ ఇంజనీరును బతిమాలాడు. ఇంజను మాది, మా అనుమతి లేకుండా ముట్టుకోవద్దన్నాడతను. తప్పుకున్న కంపెనీ తన కారును ఎవరికీ చిక్కకుండా ముక్కలు చేయించడం రివాజు. ఆ పనికి బయటివాళ్ళు వచ్చారు. మార్సియాల్ వాళ్ళ చేతిలోంచి రంపం లాక్కుని తనే కోశాడు. కోస్తున్నంతసేపూ ఏడ్చాడు. ఈసారి నటన లేదు.

షెడ్డు మూతపడింది. ఒడిల్ ఊరొదిలి వెళ్ళిపోయింది. మార్సియాల్ ఇప్పుడు ఊరి చివర దుకాణంలో వ్యాన్లకు టైర్లు మారుస్తున్నాడు.

జూన్‌లో, పందెం వారంలో, ఫాబ్రిస్ వ్యాను టైరు పంచరై అక్కడికే వచ్చింది. మార్సియాల్ జాకీ పెడుతుంటే ఫాబ్రిస్ ఆగలేకపోయాడు.

"ఇప్పుడింక దాచేదేముంది? చెప్పరా, ఎంత పోయేది అది?"

మార్సియాల్ చక్రం విప్పి పక్కన పెట్టాడు.

"తెలీదు. ఒక్కసారి కూడా పూర్తిగా తొక్కలేదు. పందెం రోజున చూద్దామనుకున్నాం."

ఫాబ్రిస్ పగలబడి నవ్వి అతని వీపు మీద చరిచాడు. "చచ్చినా చెప్పవు కదరా నువ్వు!"

"నిజంగానే తెలీదురా," అన్నాడు మార్సియాల్.

"సర్లే, సర్లే," అంటూ ఫాబ్రిస్ వ్యాను ఎక్కి, ఇంకా నవ్వుకుంటూనే పందెం వైపు వెళ్ళిపోయాడు.