పక్క మడికి చెప్పి కొట్టే మందు

ఈ ఉదయం స్టోరు గది తలుపు తీయగానే కలుపు మందు వాసన గుప్పుమంది. ఎవరో డబ్బా మూత సరిగా బిగించలేదు. ఫినాయిల్‌కీ కాలిన రబ్బరుకీ మధ్యలో ఉండే వాసన అది. ఒకసారి బట్టలకు పట్టిందంటే రెండు మూడు ఉతుకులకు గానీ వదలదు. కుప్పంలో ఒక కాలేజీ తోటలకు సూపర్‌వైజరుగా ఉన్న నాకు ఇది కొత్త వాసనేమీ కాదు. అయినా అది తగిలిన ప్రతిసారీ నాకు ముందు గుర్తొచ్చేది గంగులప్పన్న. మదనపల్లెలో లాన్లు వేసి, వాటిని సాకే కాంట్రాక్టులు పట్టిన మనిషి. తొంభైల్లో నా మొదటి ఉద్యోగం ఆయన దగ్గరే. మీరు ఆయన్ను చూసి ఉండరు. చూసినా పెద్దగా ఇష్టపడి ఉండేవారు కాదు. మొదట్లో నేనూ ఇష్టపడలేదు.

ఉద్యానవన డిప్లొమా చేతిలో పెట్టుకుని గుర్రంకొండ నుంచి బస్సులో దిగిన మొదటి రోజు ఆయన నన్ను నేరుగా ఊరి చివర ఉన్న కల్యాణ మంటపానికి తీసుకెళ్లాడు. పెళ్లిళ్లకూ రిసెప్షన్లకూ వాడే పెద్ద లాన్ అది. ఆయన రాబడిలో సగం దాని మీదే వచ్చేది. మనిషి పొట్టి, మాట కట్టె విరిచినట్టు. చెప్పులు విడిచి గడ్డిలోకి నడిచి, "ఇదేం గడ్డి?" అని అడిగాడు. "గరిక సార్" అన్నాను. "సార్ వద్దు, అన్నా అను. మీ నాయన సేన్లో ఇది కనబడితే ఏం జేస్తాడు?" "పీకి గెనిమ మీద, పొలం గట్టున పారేస్తాడు." ఆయన తలాడించాడు. "ఆడ పీకేదానికి కూలి ఇస్తారు, ఈడ సాకేదానికి నీకు జీతమిస్తాండాను. ఆడ కలుపు, ఈడ పైరు. అంతే అమ్మణ్ణీ, ఇంగ పనికి పద." ఇదేదో గొప్ప మాటని నాకప్పుడు అనిపించలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి పొలం పరీక్ష పెడుతున్నాడని విసుక్కున్నాను.

ఆ పని తెలియనివాళ్ల కోసం ఒక్క సంగతి చెప్పాలి. గరిక లాంటి గడ్డి ఎండాకాలంలోనే బాగా అల్లుకుంటుంది. దానితో పాటే పాయలాకు, గలిజేరు, పల్లేరు కూడా లేస్తాయి. గడ్డిని ముట్టకుండా వెడల్పాకు మొక్కల్ని మాత్రం చంపే మందు ఒకటుంది. అది పడితే కలుపు మెలితిరిగి, వంగి, వారం పది రోజుల్లో ఎండిపోతుంది. పచ్చిక పచ్చగానే ఉంటుంది. చూసేవాళ్లకు గారడీలా అనిపిస్తుంది. చిక్కేమిటంటే మదనపల్లె టమాటా ఊరు. టమాటాది వెడల్పాకు. ఆ మందు లెక్కలో టమాటా కూడా కలుపే.

అందుకే గంగులప్పన్నకు కొన్ని పద్ధతులుండేవి. మందు కొట్టే ట్యాంకులు ఆయన దగ్గర రెండుండేవి. కలుపు మందు ట్యాంకు పట్టీకి ఎర్రగుడ్డ కట్టేవాడు. దాన్ని ఎవరికీ ఇచ్చేవాడు కాదు, ఎంత కడిగినా అడుగున ఆ మందు ఇంకా ఉంటుందనేవాడు. పాత ప్లాస్టిక్ బిందెను సగానికి కోసి, తుంపర పక్కకు పోకుండా నాజిల్ మీద బోర్లించేవాడు. కొట్టేముందు ఒక డబ్బాలోంచి పొయ్యి బూడిద చిటికెడు తీసి భుజమెత్తున వదిలేవాడు. బూడిద నిట్టనిలువున పడితే పని మొదలు, పక్కకు పోతే ఆ రోజుకు ఇంటికి. పనివాళ్లు నవ్వేవాళ్లు, "మందు కొట్టేదానికి విబూది పెడతాడు" అని.

మా వైపు పల్లెల్లో మందు ట్యాంకు అడిగితే లేదనకూడదు. నాగలి, నిచ్చెన, ట్యాంకు ఇంటింటికీ తిరగాల్సిన వస్తువులు. లేదన్నవాడు ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడు. మంటపం కంచె అవతల మునెమ్మ మడి ఉండేది. ఒంటరి మనిషి. ఒక బోరు, దాని కింద టమాటా, ఇంకే ఆధారమూ లేదు. కాయ తొలిచే పురుగుకు మందు కొడతానని ఒకరోజు ట్యాంకు అడిగింది. రెండోది వేరే తోటకు పోయింది, ఉన్నది ఎర్రగుడ్డదే. ఆయన లేదన్నాడు. ఎందుకు ఇవ్వడో మాత్రం ఆమెకు వివరించలేదు. అదీ ఆయన పద్ధతే, వివరించడం అంటే ఒళ్లుమంట. మునెమ్మ కంచె మీద చెయ్యి వేసి, "ఉండాది కండ్ల ముందరే ఉండాది, లేదంటాడు. సచ్చేటప్పుడు మోసుకోని పోతాడేమో" అని మాకందరికీ వినబడేలా అని వెళ్లిపోయింది. నాకు ఆమె మాటే సబబనిపించింది.

ఒక వేసవిలో ఆ మంటపంలో పెద్దింటి పెళ్లి ఒకటి కుదిరింది. లాన్ నిండా పల్లేరు, పట్టుచీరలకు ముళ్లు అంటుకుంటాయని మంటపం మేనేజరు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గొడవ. మేం వాడే పొడి రకం మందు అంగళ్లలో దొరకలేదు. నూనె రకం ఉంది. పొడి రకం పడిన చోటే ఉంటుంది. నూనె రకం కొట్టేటప్పుడు ఎంత జాగ్రత్తపడినా ఎండెక్కాక ఆవిరై లేస్తుంది. ఆ మాట నేనే చెప్పాను. "తెలుసు అమ్మణ్ణీ. తెల్లారుజామున సల్లగా ఉన్నెప్పుడు కొట్టేస్తాం" అన్నాడు. కొట్టాం. బూడిద నిలువుగానే పడింది. బిందె కప్పే కొట్టాం. మధ్యాహ్నానికి ఎండ మండిపోయింది, సాయంత్రం గాలి తిరిగింది. ఆ గాలి ఏం మోసుకుపోయిందో మాకు తెలియదు.

పెళ్లి బాగానే జరిగింది. పల్లేరు చచ్చింది. ఆ తర్వాత ఒక ఉదయం గంగులప్పన్న కంచె దగ్గర నిలబడి నన్ను పిలిచాడు. మునెమ్మ టమాటా చెట్ల కొనలు మెలితిరిగి ఉన్నాయి. ఆ ఏడు చుట్టుపక్కల అన్ని ఊళ్లలోనూ తెల్లదోమ అంటించే ముడత రోగం ఉంది. "ఇది రోగమా, మనదా? నువ్వు సదివినావు గదా, సూసి సెప్పు" అన్నాడు. కంచె దాటి వెళ్లి చూశాను. ముడత రోగమైతే ఇక్కడొక చెట్టు, అక్కడొక చెట్టు పసుపెక్కి, ఆకు పైకి దోనెలా ముడుచుకుంటుంది. ఇక్కడ కంచె పక్క సాళ్లన్నీ వరసగా మెలిపడ్డాయి, లేత ఆకులు దారాల్లా సన్నబడ్డాయి. లోపలికి పోయేకొద్దీ తగ్గింది. ఆ రెండింటినీ పోల్చి చెప్పగలిగినవాళ్లం ఆ చుట్టుపక్కల మేమిద్దరమే. "మనదే అన్నా" అన్నాను. ఆ రెండు మాటలూ అనడానికి భయమేసింది.

మేనేజరు మా వెనకే వచ్చి విన్నాడు. చెడ్డవాడు కాదు, ఉద్యోగం చేసుకునేవాడు. "గంగులప్పా, యాల నెత్తికెత్తుకుంటావు? ఊరంతా ముడతే గదా. గుంపులో గోవిందా అని ఊరుకో. ఈ సంగతి బయటికొస్తే పక్క మళ్లోళ్లంతా మంటపం మీదికొస్తారు. అప్పుడు ఈ కాంట్రాక్టు నీకుండదు, ముందే సెప్తాండా" అన్నాడు. గంగులప్పన్న మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ విప్పి, అలాగే మళ్లీ కట్టేశాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. నిజం చెప్పాలంటే, ఆయన ఊరుకుంటే బాగుండునని నేను కోరుకున్నాను. నా జీతం కూడా ఆ లాన్‌లోనే మొలుస్తోంది మరి.

సాయంత్రం మునెమ్మ తనే వచ్చింది. వెనకటి కోపం మింగుకుని వచ్చిందని ముఖంలోనే తెలుస్తోంది. "అప్పా, ముడత పడ్నాది. తెల్లదోమకు మందు కొట్టాల. మొదటి కోతకొచ్చే చెట్లు. ఈసారన్నా ట్యాంకు ఇయ్యప్పా" అంది. ఆయన కూర్చున్నవాడల్లా లేచాడు. కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తెల్లదోమ గాదు మునెమ్మా. నేను."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన మొదటిసారి వివరించాడు. ఏ మందు, ఎందుకు ఆ రకం తెచ్చాడు, ఎండకు అది ఎలా లేచింది, ఏ సాళ్లు పోతాయి, ఏవి తేరుకుంటాయి, ట్యాంకు అప్పుడెందుకు ఇవ్వలేదు, అన్నీ. ఒక్కసారి కూడా మేనేజరు పేరెత్తలేదు, పెళ్లి తొందర అనలేదు. మునెమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కంచె వైపు తిరిగి, "ట్యాంకు ఇయ్యనంటివి. మందు మాత్రం గాలికిచ్చి పంపిస్తివే" అంది. ఆ తర్వాత గంగులప్పన్నను అంత మాట అన్నవాళ్లను నేను చూడలేదు. ఆయన తల దించుకునే, "సౌడేపల్లె దావలో నా మడి ఉండాది. నీదీ నాదీ ఒగే వారంలో నాటినాము. ఈ కాపు నువ్వు కోసుకో. పోయిన సాళ్లకు గాదు, మొత్తానికీ" అన్నాడు. "నీ యింట్లో ఏమంటారో?" అంది మునెమ్మ. "అనేది అంటారు, పడతా" అన్నాడు.

అన్నారు కూడా. వాళ్ల ఇల్లు పుంగనూరులో. అక్కడి సంతలో వాళ్లావిడ నన్ను నిలబెట్టి, "మీ అన్నకు బుద్ధి సెప్పేవాళ్లే లేరా అమ్మా" అని అడిగింది. మునెమ్మ ఆ కాపంతా ఆటోలో వచ్చి కోసుకుంది. కోత రోజుల్లో ఆయన కూడా వంగి కోసేవాడు, బాక్సులు ఆటోకెత్తేవాడు. వాళ్లిద్దరూ పనికి కావలసినంత వరకే మాట్లాడుకునేవాళ్లు. క్షమించానని ఆమె అనలేదు, క్షమించమని ఈయన అడగలేదు. మేనేజరు అన్నంత పనీ చేశాడు, మంటపం కాంట్రాక్టు ఇంకొకరికి పోయింది. ఒక ఏడాది మేం ఇళ్ల ముందు చిన్న చిన్న లాన్లు కత్తిరించుకుంటూ బతికాం. రెండు వేల సంవత్సరం దాటాక కుప్పం కాలేజీ పని దొరికి, ఆయన వెంట నేనూ ఇక్కడికి వచ్చాను.

ఆ తర్వాత ఆయన పద్ధతుల్లో ఒకటి చేరింది. బూడిద వదలడానికి ముందే పక్క మళ్లకు వెళ్లి, ఫలానా రోజు ఫలానా మందు కొడతామని చెప్పేవాడు. వాళ్లు వద్దంటే కొట్టేవాడు కాదు, కూలీల్ని పెట్టి చేత్తో తీయించేవాడు. "కొట్టినాక సెప్తే అది ఏడుపు. కొట్టకముందు సెప్తే మాట" అనేవాడు. వివరించడమంటే ఒళ్లుమండే మనిషి గెనిమల మీద గొంతుక్కూర్చుని ఓపిగ్గా చెబుతుంటే నాకు ముచ్చటేసేది. నవ్వూ వచ్చేది. చివరి రెండేళ్లు ఊపిరి ఆడక ఇబ్బందిపడి, పుంగనూరులో ఇంటి దగ్గరే పోయాడు. నేను వెళ్లేసరికి దింపుడు కళ్లం కూడా అయిపోయింది. దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

ఆయన పోయిన మరుసటి ఏడు మదనపల్లె టమాటా మార్కెట్టులో మునెమ్మ కనబడింది. ముసలిదైంది, గొంతు మాత్రం అదే. గంగులప్పన్న పోయాడని చెప్పాను. "ఆయప్ప మీద నాకింగా కోపముండాది" అంది. తర్వాత బాక్సు మీద కూర్చుని, "అయినా అమ్మణ్ణీ, సెట్లకు ముడత పడినప్పుడంతా నేను గెనిమ మీదికి పొయ్యి నిలబడతా. ఆయప్ప యాడన్నా వస్తాండాడేమో, ఇది నాదే అని సెప్పేదానికి అని సూస్తా. ఇంగెవురూ రారు గదా" అంది. నేను అక్కడ ఏడవలేదు. కుప్పం బస్సెక్కాక, ఏడ్చాను.

ఈ ఉదయం డబ్బా మూత బిగించి, గోడ అవతలి మడికి వెళ్లాను. రైతు చిన్నరాయుడు బీన్సుకు నీళ్లు కడుతున్నాడు. మందు సంగతి చెప్పాను. "పూతలో ఉండాదమ్మా, ఇప్పుడొద్దు" అన్నాడు. సరేనని వచ్చి, కూలీలకు కొడవళ్లిచ్చి గడ్డిలో కూర్చోబెట్టాను. పదిన్నరకు కాలేజీ ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడు, కొత్తగా చేరాడు. "మందు స్టోరులోనే ఉంది కదా మేడమ్, చేత్తో తీయిస్తున్నారేమిటి?" అన్నాడు. పక్క మడిలో బీన్సు పూతలో ఉందన్నాను. "మన లాన్‌కీ ఆయన బీన్సుకీ ఏం సంబంధం?" అన్నాడు.

ఆయనకు కుర్చీ వేయించాను. కలుపు మందు వాసన నా చేతికింకా ఉంది. "మదనపల్లెలో గంగులప్ప అని ఒకాయన ఉండేవాడు" అని మొదలుపెట్టాను.