ఎనిమిది గుళ్ళ వ్యానులో ముందు సీటు

గుళ్ళ డ్రైవరు కన్నతల్లిని వ్యానులో పెట్టి తాళం వేస్తాడనీ, ఊరందరికీ దేవుణ్ణి చూపిస్తూ ఆవిడని మాత్రం ఒక్క గడప కూడా తొక్కనివ్వడనీ వీధిలో ఒక మాట తిరుగుతోంది. అందులో తాళం సంగతి నిజం. మిగతాది అబద్ధం. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టేనంటారు గానీ, పచ్చి కట్టెకి మంట తక్కువ, పొగే ఎక్కువ.

అతనిది ఇరవై రెండేళ్ళుగా ఒకటే పని. పొద్దున్నే సత్రం దగ్గర యాత్రికుల్ని ఎక్కించుకుంటాడు. నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద గుడిని వాళ్ళంతట వాళ్ళే చూసుకుంటారు. నగరం చుట్టూ, కొండ మీదొకటీ ఏటి ఒడ్డునొకటీగా ఉన్న ఎనిమిది గుళ్ళూ ఇతను చూపిస్తాడు. ఏ గుడికి ఎంతసేపో అతనికి కంఠోపాఠం. శివాలయానికి ముప్పావు గంట, ఆంజనేయుడికి ఇరవై నిమిషాలు, నూట పది మెట్లెక్కాల్సిన అమ్మవారికి గంటంబావు. “దేవుళ్ళెప్పుడూ ఆలస్యం చెయ్యరండీ, మనమే ఫొటోల దగ్గర ఆగిపోతాం” అని నవ్విస్తాడు.

రెండేళ్ళ నుంచి ముందు సీట్లో అతని తల్లి కూర్చుంటోంది. భార్య తెల్లవారకుండానే బట్టల ఫ్యాక్టరీకి పోతుంది. ముసలావిడని ఒక్కసారి ఇంట్లో వదిలితే, గుడికి దారెటని అడుక్కుంటూ బస్సులు తిరిగే రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి వెంట తెచ్చుకుంటున్నాడు. నీళ్ళ సీసా నింపుకోవడానికి దిగిన రెండు నిమిషాలు తలుపుకి తాళం వేస్తాడు. లేకపోతే ఆవిడ దిగిపోతుంది.

వచ్చిన చిక్కల్లా ఆవిడ నోటితోనే. పక్కన ఎవరు కనబడినా చెయ్యి పట్టుకుని, “చూడమ్మా, ఇన్ని గుళ్ళు తిప్పుతాడు, ఒక్కసారైనా లోపలికి తీసుకెళ్ళడు” అంటుంది. విన్నవాళ్ళు ఊరుకుంటారా? ఒకాయన మొహం మీదే అడిగాడు: “ఏమయ్యా, మాకేమో ఎనిమిది గుళ్ళు, మీ అమ్మకేమో ఎనిమిది పార్కింగులా?” వ్యానంతా గొల్లుమంది. అతను గేరు మార్చాడు, అంతే.

వ్యాను ఓనరుకి ఈ నెలలోనే రెండు ఫోన్లు వెళ్ళాయి. “మూడోది వచ్చిందంటే తాళాలిచ్చేసి ఇంటికి పో” అన్నాడాయన. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని బండి తోలుకోమనే ఓనరు మరొకడు ఎక్కడ దొరుకుతాడు?

ఎదురింటి పెద్దమ్మకి వీధిలో చీమ కుట్టినా, అది ఎవరిని కుట్టిందో తేలేదాకా అన్నం సహించదు. పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం అనుకుని తనూ ఒక సీటు చెప్పుకుంది. ఎదురిల్లే కదా, సత్రం దాకా పోకుండా ఇంటి ముందే ఎక్కేసింది. వెనక సీట్లో సర్దుకుని, కళ్ళు రెండూ ముందు సీటుకి అప్పగించింది.

బండి సత్రానికి పోలేదు. ఊరి చివర చిన్న వినాయకుడి గుడి ముందు ఆగింది. అప్పుడే తలుపులు తీస్తున్నారు. జనం లేరు, మెట్లు రెండే. అతను తల్లిని పొదివి పట్టుకుని దించాడు. “రండి బామ్మా, మీరొచ్చాకే హారతి” అన్నాడు పూజారి. ఆ మాటతోనే పెద్దమ్మకి అర్థమైంది, ఇది ఇవాళ్టి ముచ్చట కాదని. ముసలావిడ చేతులు జోడించి నిలబడిపోయింది. చెంపల మీద నీళ్ళు జారుతున్నాయి. “ఇన్నాళ్ళకి చూపించావురా నాయనా, ఇక చాలు” అంటూ కొడుకు గడ్డం పట్టుకుంది. పూజారి ఇచ్చిన పువ్వు అతనే ఆవిడ జడలో పెట్టాడు. పెద్దమ్మ కూడా ముక్కు చీదుకుంది.

మెట్ల దగ్గర అతను మోకాళ్ళ మీద కూర్చుని తల్లికి చెప్పులు తొడిగాడు. ఒక కాలు అయింది. రెండో చెప్పు పట్టీ పెడుతుండగా ఆవిడ అంది:

“ఒరే అబ్బాయ్, గుడి ఇంకా రాలేదా?”

“దారిలోనే ఉందమ్మా.”

బండెక్కాక పెద్దమ్మ మెల్లిగా అడిగింది: “ఈ పువ్వెక్కడిదక్కా?”

“ఎవరో ఇచ్చారమ్మా. మంచివాళ్ళు.”

సత్రం దగ్గర పదకొండు మంది ఎక్కారు. మూడో గుడి దగ్గరికొచ్చేసరికి ముసలావిడ ఒక రిటైరైన మాస్టారి చెయ్యి పట్టుకుంది. చెప్పాల్సిందంతా చెప్పింది. ఆయన పిల్లల్ని బెంచీ ఎక్కించిన గొంతుతోనే డ్రైవర్ని నిలబెట్టి కడిగేశాడు. వ్యాను వెనక రాసున్న నంబరు చూసి ఫోను తీశాడు. పెద్దమ్మ ఉండబట్టలేక, “అయ్యా మాస్టారూ, అసలు సంగతేంటంటే...” అని మొదలుపెట్టబోయింది. డ్రైవరు తలెత్తి ఆవిడ వంక చూశాడు. వద్దన్నట్టు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక పెద్దమ్మ మాట మధ్యలో మింగడం అదే మొదలు.

ఆరో గుడి దగ్గర ఉండగా ఓనరు ఫోను వచ్చింది. అతను రెండుసార్లు “సరేనండీ” అన్నాడు. ఆ తర్వాతి రెండు గుళ్ళూ చూపించాడు. ఎక్కడా తొందరపెట్టలేదు.

సాయంత్రం ఇంటి ముందు వ్యాను కడుగుతున్నాడు. రేపు పొద్దున్నే అప్పజెప్పాలి. తల్లి లోపల పడుకుంది. పెద్దమ్మ అరుగు దిగి వచ్చి అడిగేసింది:

“రోజూ దర్శనం చేయిస్తున్నావు కదరా! ఆవిడే మర్చిపోతోందని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది? అన్నం పెట్టే బండే పోయిందే!”

అతను గుడ్డ పిండి బకెట్టు మీద వేశాడు.

“చెప్పాను పెద్దమ్మా, పోయినేడు. ఒకావిడని పక్కకి పిలిచి చెప్పాను. ఆవిడ పాపం జాలిపడి తిన్నగా మా అమ్మ దగ్గరికే వెళ్ళి, ‘ఏం బామ్మా, అన్నీ మర్చిపోతున్నావటగా’ అంది. ‘నాకు మతి పోయిందని ఊరంతా చెబుతున్నావా నాయనా’ అని మూడు రోజులు అన్నం ముట్టలేదు మా అమ్మ. దర్శనమేమో చెప్పులేసుకునేలోపే పోతుంది. ఆ మాట మాత్రం మూడు రోజులూ పోలేదు. బండి సంగతి సరే పెద్దమ్మా. రేపు పొద్దున్నే లేచి, తయారై కూర్చుని, పదరా గుడికి అంటుంది. ఏం చెప్పను?”