మగ్గం గుంతలో జాగా

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడికి లేనన్ని నియమాలు మగ్గానికి ఉండేవి. మగ్గం కింద, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకోవడానికి నడుములోతు గుంత ఉంటుంది. తాతయ్య పోయాక అందులో కాళ్లు పెట్టే హక్కు మా అవ్వ ఒక్కదానిదే.

పక్కింటి సాయిబుల చాచీతో అవ్వకు నేను పుట్టకముందు నుంచీ స్నేహం. గోడ మీదుగా వంకాయలు అటూ చింతకాయలు ఇటూ నడిచేవి. వండినవి మాత్రం నడిచేవి కావు. చాచీ వస్తే గడప బయటే కూర్చునేది. అందులో వాళ్లిద్దరికీ వింతేమీ కనిపించలేదు. అడిగేంత తెలివి నాకూ లేదు. పోట్లాట వస్తే చాచీ కోడి గురించే. అది గోడ దూకి మా నూలు తొక్కేది.

సైన్యం వచ్చింది, రజాకార్ల పని అయిపోయిందని తెలిసిన వారంలో మా వాడంతా సంతోషించింది, చాచీ తప్ప. మొన్నమొన్నటి వరకూ తలుపు చప్పుడైతే వణికే వంతు మాది. ఇప్పుడు ఆమెది. ఆమె మరిది రజాకార్లతో తిరిగినవాడు. అతను ఎప్పుడో పారిపోయాడు గానీ, ఇల్లు పారిపోలేదు కదా.

ఒక పొద్దున పై ఊరివాళ్లు కర్రలతో వస్తున్నారని కేక వినబడింది. ఆ వయసులో గోడ ఎలా దూకిందో, చాచీ మా వాకిట్లో ఉంది. అంత భయంలోనూ అలవాటు కొద్దీ గడప దగ్గర ఆగిపోయింది.

"ఇంకా ఏం జూస్తున్నవే? గుంతల దిగు!" అంది అవ్వ.

చాచీ ముడుచుకుని కూర్చుంది. అవ్వ ఆమె భుజాల మీద కాళ్లు పెట్టి మగ్గం ఆడించసాగింది. గుంతలోని కాలి పలకలు తొక్కందే గుడ్డ రాదు, చప్పుడే వస్తుంది. మాకు కావలసింది అదే. నన్ను రాట్నం ముందు కూర్చోబెట్టి, "నూలు తెగినా ఆపకు బిడ్డా" అంది. మొదటి తిప్పుకే తెగింది. ఉత్త రాట్నమే తిప్పుతూ ఉన్నాను.

కర్ర పట్టుకున్నవాడు లోపలికి తొంగిచూశాడు.

"పక్కింటామె ఏదవ్వా?"

"నాకేమెరుక? చెప్పులిడ్సి రా బిడ్డా, మగ్గమిది."

పాపం, నిజంగానే విడిచాడు. కర్ర మాత్రం విడవలేదు.

అప్పుడు వచ్చింది కోడి. తిన్నగా గుంత అంచుకు పోయి, మెడ వంచి, లోపలున్న యజమానురాలిని చూసి కొక్కొక్కో అంది. వాడి చూపూ అటే తిరిగింది. నేను రాట్నం ఇంకా జోరుగా తిప్పాను.

"గీ కోడెవల్దే?"

"మాదే. గుంతల పురుగులుంటయని మా పాణం తింటది. కావాల్నంటె కొండవో."

ఇంట్లో ఈక కనబడితే ఇల్లంతా కడిగించే అవ్వ అంది ఆ మాట. వాడు కోడిని చంకన పెట్టుకుని బయటికి నడిచాడు. కాసేపు పక్కింట్లో కుండలు పగిలిన చప్పుడు వినబడింది. తర్వాత అదీ ఆగింది.

చాచీ గుంతలోంచి తల పైకెత్తి, "గుడ్లు వెట్టే కోడక్కా అది! గట్లెట్ల ఇచ్చినవ్?" అంది.

"మరి నిన్నియ్యాల్నానే?"

ఆ మధ్యాహ్నం అవ్వ తన కంచంలోనే ఆమెకు జొన్న గట్క పెట్టింది. మా ఇంటికి ఏ సంస్కర్తా రాలేదు. చాచీ కుండలన్నీ పగిలాయి, ఆమెకు ఆకలేసింది, అంతే. ఆ తర్వాత చాచీ మా గడప దగ్గర మళ్లీ ఆగలేదు. ఆమె బంధువుల ఇళ్లకు మాత్రం ఒక్కొక్కటిగా తాళాలు పడ్డాయి. రెండూ ఆ భయం చేసిన పనులే.

కాలేజీలో సమాజం ఎందుకు మారుతుందో చెప్పారు: చదువు, రోడ్లు, చట్టాలు. అన్నీ రాసి ప్యాసయ్యాను. ఇప్పటికీ ఏ ఇల్లు కిరాయికి చూసినా గాలీ వెలుతురూ తర్వాతే. ముందు ఒక మనిషి దాక్కునే జాగా ఉందా అని చూస్తాను. ఇంటివాళ్లు బీరువా కోసమనుకుంటారు.