పేగు వేసిన బస్సులో గిద్దలూరు దాకా

గిద్దలూరులో నాకు పనేమీ లేదు. డ్రైవరు కాసిం తన బస్సుకు పేగు వేశాడని మార్కాపురం బజారంతా చెప్పుకుంటుంటే ఉండబట్టలేక బయలుదేరాను.

ఆరున్నరకు వెళ్ళేసరికి కాసిం ఇంజను మూత ఎత్తి నిలబడ్డాడు. రోకలికి చుట్టి వంచిన రాగి గొట్టం ఒకటి రేడియేటరు నీళ్ళ తొట్టిలోకి దిగి ఉంది. కర్నూలు జిల్లా మొత్తంలో ఇంకే బస్సుకూ లేని పేగు అదే.

“ఇంజనాయిలు దీంట్లో తిరిగిపోతాది మామా. ఆయిలును నీళ్ళు చల్లారుస్తాయి, నీళ్ళను గాలి చల్లారుస్తాది.”

“చల్లారకపోతే?”

“ఆయిలు పల్చబడి బేరింగులు కరిగిపోతాయి. రెండుసార్లు మద్రాసు నుంచి తెప్పించినాం. ఇంకోసారి కరిగితే బస్సు అమ్మేస్తానన్నాడు షావుకారు. గిద్దలూరులో కూచోని ఎదురుచూస్తా ఉన్నాడు.”

ఏడింటికి కదిలాం. కంభంలో దోసెలు తిన్నాక కాసిం కొలత కడ్డీ లాగి చూపించాడు. ఆయిలు ఆముదంలా మెల్లగా జారింది. అతని ముఖం వెలిగింది.

బేస్తవారిపేటలో రంగమ్మ కుండతో ఎక్కింది. గిద్దలూరు అంగళ్ళకు రోజూ మజ్జిగ వాడిక పోస్తుందట. “చెంబు ముంచితే నిలబడతాది అన్నా, అంత చిక్కన,” అంది నాతో.

ఊరు దాటి కొంత దూరం పోయామో లేదో రేడియేటరు బుస్సుమని ఆవిరి కక్కింది. కాసిం దిగి తల పట్టుకున్నాడు.

“ఆయిలు వేడంతా నీళ్ళ నెత్తిన పడింది మామా. నీళ్ళు మరిగి పోయినాయి.”

నీళ్ళ డబ్బా ఖాళీ. రోడ్డు పక్క బావి ఎండిపోయింది. అందరి చూపూ కుండ మీద పడింది.

“ఏంది, అట్ల చూస్తారు?” అంది రంగమ్మ.

“నీ మజ్జిగ పొయ్యి అత్తా.”

“చిక్కటి మజ్జిగరా అల్లుడా! గడ్డకట్టి నీ రేడియేటరు పూడుకుపోతాది.”

కాసిం కూలబడ్డాడు. “అట్లయితే బస్సు పోయినట్లే. ఇంక నేను గొర్రెలు కాసుకునేదే.”

రంగమ్మ కాసేపు కుండను చూసింది, కాసేపు అతన్ని. చివరికి అతని చెవిలో చెప్పింది గానీ నాకూ వినబడింది: “పోసుకోలే. ఏం గడ్డకట్టదు.”

ఇంజను చల్లారాక పోశాం. పదకొండింటికి గిద్దలూరు చేరాం. షావుకారు కడ్డీ లాగి ఆయిలు వేళ్ళతో రుద్దాడు, ఇంజనుకు చెవి ఒగ్గాడు.

“సరే, బస్సు ఉండనీ. ఇంకో నీళ్ళ డబ్బా కట్టించు,” అని రేడియేటరులోకి తొంగిచూశాడు. “నీళ్ళు రవ్వంత తెల్లగున్నాయేంది?”

రంగమ్మ ఆకాశం వైపు చూసింది.

సాయంత్రం అదే బస్సులో తిరుగు ప్రయాణం, ఖాళీ కుండతో రంగమ్మ కూడా ఎక్కింది. ఆ దారిన వెళ్ళేవారు తలా ఒక చెంబు నీళ్ళు తీసుకెళ్ళండి. మీకు కాదు, బస్సుకు. అప్పుడా పేగును మించిన సౌఖ్యం లేదు. బేస్తవారిపేటలో ఎక్కిన పెద్దమనిషి అడగనే అడిగాడు.

“మజ్జిగ పోసినారంట. ఏమైంది?”

రంగమ్మ నా వైపు చూసింది.

“ఏమయ్యేదేంది? మూత తీస్తే సోలెడు వెన్న తేలింది. నేనే ఒక ముద్ద తిన్నాను,” అన్నాను.

రంగమ్మ కుండ చంకకెత్తుకుని దిగుతూ కోపంగా వెనక్కి తిరిగింది.

“సోలెడేనా అన్నా? అడ్డెడు!”