మా వియ్యంకుడు పీకిన తుంగ

ఈ మధ్య మా ఇంట్లో నా పరువు ఎలా పోయిందో చెబుతా, వినండి. కోపం ఇంకా దిగలేదు. ఎవరి మీద కోపమో మాత్రం ఇప్పుడు సరిగ్గా చెప్పలేను.

ఈ చలిదేశంలో, రిచ్‌మండ్ హిల్‌లో మా అబ్బాయి ఇంటి బ్యాక్‌యార్డ్‌లో ఒక మూలుంది. పైకప్పు నీళ్లన్నీ అక్కడే దిగుతాయి. ఏ గడ్డి వేసినా కుళ్లిపోతుంది. "నాన్నా, ఈ సమ్మర్‌లో అక్కడ పచ్చబడకపోతే రాళ్లు పరిపించేస్తా" అన్నాడు వాడు. నాకు రోషం వచ్చింది. తడిలో బతికే గడ్డి ఏదని వెతికితే సెడ్జ్ అని ఒకటి దొరికింది. ఫోటోలో జుట్టు దువ్వినట్టు వంగి ఎంతో అందంగా ఉంది. విత్తనాలు తెప్పించా.

వాటి వేషాలు చూడాలి. తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టాలట. చలికాలమంతా పెరుగు గిన్నె పక్కన పెట్టి మా ఆవిడతో మాటలు పడ్డా. తర్వాత ట్రేలో చల్లాలి, పైన మట్టి కప్పకూడదు, వెలుతురు తగలాలి. రోజూ స్ప్రే కొట్టా. చివరికి వెంట్రుకల్లా మొలిచాయి. మంచు భయం పోయాక ఆ మూలలో నాటా.

అప్పుడే మనవరాలు పుట్టిందని కోడలి అమ్మానాన్నా గుంటూరు వైపు నుంచి వచ్చారు. మా వియ్యంకుడు సేద్యం చేసిన మనిషి, ఊరికే కూర్చోలేడు. ఓ శనివారం నేను కూరగాయలకి స్కార్‌బరో వెళ్లొచ్చేసరికి ఆయన చేతులు కడుక్కుంటున్నాడు.

"బావగారూ, మీ పెరట్లో తుంగ పట్టేసిందండీ. మొత్తం పీకేశా. వేళ్లతో సహా లాగాను, మళ్లీ రమ్మన్నా రాదు."

సెడ్జ్ అంటే తుంగా? ఇన్నాళ్లూ నేను ఫ్రిజ్‌లో పెట్టి సాకింది తుంగనా? కానీ కోడలి తండ్రిని ఏమనగలం?

"అయ్యో, మీకెందుకండీ శ్రమ" అన్నా.

"శ్రమేముందండీ, మన ఇల్లేగా."

ఆ మాటకి ఒళ్లు మండిపోయింది. మా ఆవిణ్ణి పైన ఖాళీగా ఉన్న పాప గదిలోకి లాక్కెళ్లి తలుపు వేశా. "కళ్లున్నాయా ఆయనకి? వరసగా నాటింది కలుపెలా అవుతుంది? అక్కడ పీకింది చాలక విమానమెక్కొచ్చి ఇక్కడ పీకాలా?"

"మెల్లగా అనండి" అంది మా ఆవిడ.

"తలుపు వేసుంది, ఎవరికి వినపడుతుంది" అని ఇంకో రౌండ్ వేసుకున్నా.

కిందికి దిగితే అందరూ కాఫీ కప్పులు పట్టుకుని బొమ్మల్లా కూర్చున్నారు. మధ్యలో టేబుల్ మీద, పైన పాప గదిలో చీమ చిటుక్కుమన్నా కిందికి వినిపించే బేబీ మానిటర్.

"మామయ్యా, అది ఆన్‌లోనే ఉంది" అంది కోడలు. ఇంకా పైనే ఉన్న మా ఆవిడ నిట్టూర్పు కూడా అందులోంచి స్పష్టంగా వినిపించింది.

వియ్యంకుడే లేచాడు. "రండి బావగారూ, వేళ్లు ఎండకముందే నాటేద్దాం. పుట్టి బుద్ధెరిగాక తుంగని పీకడమే గానీ నాటడం ఎరగనండి" అంటూ పీకిందంతా పడేసిన యార్డ్ వేస్ట్ సంచి బోర్లించాడు. ఇద్దరం బురదలో కూర్చున్నాం.

"ఇందులో మీ తుంగ ఏది, ఉత్త గడ్డి ఏది?" అని అడిగాడు.

చూశా. అన్నీ సన్నగా, పచ్చగా, ఒకేలా ఉన్నాయి. అంత అరిచినవాణ్ణి, తెలీదని ఎలా చెప్పను? "అన్నీ అవే" అన్నా.

అన్నీ నాటాం. ఇప్పుడా మూల పచ్చగా ఉంది, మా అబ్బాయి రాళ్ల మాట ఎత్తడం లేదు. రోజూ పొద్దున్నే వియ్యంకుడు చేతులు వెనక్కి కట్టుకుని దాని పక్కన నిలబడతాడు. పీకనా అని ఆయన అడగడు. పీకమని నేను అనను. ఏది పీకాలో నాకు తెలిస్తే కదా.